బడిగంట మ్రోగిన పిదప

చిన్న పట్టణమందలి ఉన్నత పాఠశాలలో సాయంకాలపు గంట మ్రోగగనే రెండు విధములగు దృశ్యములు కనుపట్టును. కొందఱు బాలురు పుస్తకముల సంచులు భుజమున వైచుకొని, ట్యూషనుకు వేళయైనదని సైకిళ్లపై పరుగిడుదురు. కొందఱు వాలీబాలు వల కట్టుటకో, నాటకపు సంభాషణలు వల్లించుటకో, వక్తృత్వపు పోటీకి సిద్ధపడుటకో ఆవరణలోని వేపచెట్టు క్రింద చేరుదురు. మొదటివారిని చూచి తల్లిదండ్రులు సంతసింతురు. రెండవవారిని చూచి కాలము వృథయగుచున్నదని నిట్టూర్తురు. ఈ రెండవ కూటమి చేయు పనులకు 'పాఠ్యేతర కార్యక్రమములు' అని పేరు. పేరులోనే లోపమున్నది. పాఠ్యమునకు ఇతరమట! భోజనానంతరపు తాంబూలమువలె, ఉన్నను సరియే, లేకున్నను సరియే యని జనులు దానిని భావింతురు.

మన ప్రాచీన గురుకులములు ఈ విభజన నెఱుగవు. భాగవత దశమస్కంధమందలి కుచేలుని కథ తెలియని తెలుగు గృహము లేదు. అటుకుల మూటను, ద్వారకా వైభవమును అందఱును జ్ఞప్తియం దుంచుకొందురు. కాని చిననాటి చెలికానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని శ్రీకృష్ణుడు ఏమి ముచ్చటించెనో కొందఱే గమనింతురు. సాందీపని సన్నిధిని అరువదినాలుగు దినములలో అరువదినాలుగు కళలు నేర్చిన విద్యార్థి ఆయన. అట్టివాడు మిత్రునియెదుట ఆ కళల పట్టిక చదువలేదు. గురుపత్ని కట్టెలు తెమ్మని పంపిన దినము, అడవిలో అకాలముగ చెలరేగిన గాలివాన, మిట్టపల్లములు తెలియరాని చీకటి, ఒకరి చేయి నొకరు పట్టుకొని మోపులతో దారి తప్పి తిరుగాడుట, తెల్లవారగనే గురువు శిష్యులను వెదకికొనుచు వచ్చి ఆశీర్వదించుట, ఇవియే ఆయన తలచుకొనిన విషయములు. కట్టెలేరుట ఏ శాస్త్రమందలి పాఠము? దానికి పరీక్ష లేదు, పట్టము లేదు. అయినను రాజ్యసంపదలు కలిగిన పిదపయు హృదయమున నిలిచినది ఆ రాత్రియే. ఏలయన, ఆ రాత్రి ఇరువురు బాలురకును ఒకే భారము, ఒకే భయము, ఒకే గురువు. యదువంశపు కుమారుడు, పేదబ్రాహ్మణ బాలుడు అను భేదము ఆ చీకటిలో కనబడలేదు.

ఇక ఇటీవలి కాలమునకు వత్తము. కలకత్తా నగరమున నరేంద్రనాథుడు బాలుడై యున్నప్పుడు ఇంటి పూజామందిరమున నాటక సమాజమొకటి నెలకొల్పెను. కొన్ని ప్రదర్శనములు జరిగిన పిమ్మట పినతండ్రి విసిగి రంగస్థలమును కూలద్రోయించెను. బాలుడు వెనుదీయక ముంగిట వ్యాయామశాల నేర్పఱచెను. అందు దాయాది బాలుని చేయి విఱుగుటచే ఆ పరికరములకును అదే గతి పట్టెను. (పెద్దలు విసుగుకొనుట నేడు పుట్టిన ఆచారము కాదని దీనివలన తెలియనగును.) పిదప అతడు మిత్రులతోగూడ నవగోపాల మిత్రుని వ్యాయామశాలలో చేరెను. అచ్చట ఒకనాడు బాలురందఱు బరువైన ఊగుడుదూలమును నిలువబెట్టుచుండగా జనులు గుమిగూడి చూచుచుండిరి. ఆ గుంపులోని ఒక ఆంగ్లేయ నావికుని నరేంద్రుడు సాయమునకు పిలిచెను. దూలము జాఱి పడి నావికునికి దెబ్బతగిలి స్మృతి తప్పెను. తెల్లదొర చనిపోయెనని తలచి, రక్షకభటులు వత్తురను భయమున గుంపంతయు పాఱిపోయెను. నరేంద్రుడును ఒకరిద్దఱు మిత్రులును మాత్రమే నిలిచిరి. అతడు తన వస్త్రమును చించి గాయమునకు కట్టు కట్టెను. ముఖమున నీరు చల్లి విసరెను. తెలివి వచ్చిన తరువాత సమీపమందలి పాఠశాల గృహమునకు చేర్చి వైద్యుని పిలిపించెను. వారము దినములు పరిచర్య చేసి, స్వస్థుడైన యతనికి మిత్రులయొద్ద కొంత సొమ్ము ప్రోగుచేసి ఇచ్చి పంపెను.

ఈ వృత్తాంతమును చెప్పునపుడు బాలుని ధైర్యమును మాత్రమే పొగడుట పరిపాటి. దాని మూలమును చూడవలెను. భయమున కాళ్లు పాఱిపోవ నెంచు క్షణమున నిలుచుట పుస్తకమువలన రాదు. పలువురితో కలిసి బరువు నెత్తినవానికి, ఆ బరువు మఱియొకనిపై పడినప్పుడు అది తనదేయని తోచును. ఇదియే బాధ్యత పుట్టు చోటు. 1897లో మదరాసు యువకులతో మాటలాడుచు స్వామి వివేకానందులు గీతాధ్యయనముకంటె కాలిబంతి ఆటయే స్వర్గమునకు దగ్గరదారి యను భావమును వెల్లడించిరి. ఆటగాండ్రు ఆ మాటను సగమే చెప్పుదురు. దేహము దృఢపడి తన కాళ్లపై తాను నిలువగల్గినప్పుడే గీత చక్కగ బోధపడునని ఆయన ఆశయము; గీతను మూసివేయుమని కాదు.

విద్యావేత్తలును ఈ విషయమును పలుమారులు చెప్పిరి. 1952–53లో లక్ష్మణస్వామి మొదలియారు గారి అధ్యక్షతను పనిచేసిన మాధ్యమిక విద్యా సంఘము ఈ కార్యక్రమములను విద్యలో అంతర్భాగముగ నెంచినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము పాఠ్యమునకును, పాఠ్యేతరమునకును నడుమ గట్టి గోడ యుండరాదని పలికినది. ఎన్.సి.సి. 1948లోను, భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950లోను, జాతీయ సేవా పథకము గాంధీ శతజయంతి వత్సరమగు 1969లోను వెలసినవి. కావున ఏర్పాటులకు కొఱత లేదు. కొఱత వేఱొకచోట నున్నది.

పాఠశాల నాటకమున పాత్రలు పంచు దినమును గమనింపుడు. ఊరిలోని పెద్దయింటి బిడ్డకు రాముని పాత్ర. నాలుగు మైళ్లు నడచి వచ్చు కూలివాని కుమారునికి తెరత్రాడు. ఎనిమిదవ తరగతి వఱకు చక్కగ పాడిన బాలిక తొమ్మిదవ తరగతికి వచ్చుసరికి, చీకటిపడునను మిషతో, సాధనకు రాకుండ ఇంట నాపివేయబడును. సంఘమునకు కార్యదర్శిని ఎన్నుకొనుటలో కులము, వీధి, తండ్రిగారి హోదా లోలోపల పనిచేయును. ఏ భేదములు కరగుటకై బాలురను ఒకచోట చేర్చితిమో, ఆ భేదములే అచ్చట నీరుపోసి పెంచబడుచున్నవి. ఇది చిన్న విషయము కాదు. పదునాలుగేండ్ల ప్రాయమున 'నేను తెరవెనుకకే తగినవాడను' అని హృదయమున నాటుకొనిన ముల్లు యావజ్జీవము సలుపును. 'ముందు వరుస నాదే' అని నాటుకొనినదియు ముల్లే. దాని నొప్పి ఇతరులకు తెలియును గాని, దానిని మోయువానికి తెలియదు.

గీత మూడవ అధ్యాయమున భగవానుడు యజ్ఞమును గూర్చి చెప్పుచు, పరస్పరము పోషించుకొనుటవలననే అందఱును శ్రేయస్సు నొందుదురనియు, తనకొఱకే వండుకొనువాడు పాపమునే భుజించుననియు బోధించెను. బహుమతికై మాత్రమే వేదిక నెక్కువాడు తనకొఱకు వండుకొనువాడే. 1985 మొదలు జనవరి 12వ తేదీని జాతీయ యువజన దినోత్సవముగ జరుపుకొనుచున్నాము. ఆ దినమున స్వామీజీ త్యాగమును గూర్చి కంఠస్థము చేసిన ఉపన్యాసమును గడగడ చదివి, రెండవ బహుమతి వచ్చినందుకు కంట నీరు పెట్టుకొని, మొదటి బహుమతి వచ్చిన మిత్రునితో మాటలాడక ఇంటికిపోవు బాలుని చూచినచో జాలి కలుగును. తప్పు వానిది కాదు. పోటీని సాధనగ మార్చు విధమును వానికెవరును చెప్పలేదు. సేవాసంఘములకును ఈ జాడ్యము సోకినది. చీపురు పట్టుకొనిన క్షణమున ఛాయాచిత్రము తీయుదురు. చిత్రము తీసిన పిదప చీపురు గోడకు చేరును.

శ్రీరామకృష్ణుల బాల్యమును చూడుడు. కామార్పుకూరున మాణిక్‌రాజా మామిడితోటలో గదాధరుడు తోటి బాలురను చేర్చుకొని పౌరాణిక నాటకములాడెడివాడు. అదియు ఒక విద్యార్థి సంఘమే; అధ్యక్షుడు లేడు, చందా లేదు. ఒక శివరాత్రినాడు ఊరి నాటకమున శివపాత్రధారికి జబ్బుచేయగా గదాధరునికి వేషము వేసి నిలిపిరి. బాలుడు రంగమున నడచివచ్చి, శివధ్యానమున లీనమై, కంట నీరు ధారలు కట్టుచుండ బాహ్యస్మృతి లేక నిలిచిపోయెను. ఆ రాత్రి నాటకము సాగలేదు. ప్రతి బాలునికి అట్టి సమాధి కలుగునని ఎవరును ఆశింపరు. కాని వేసిన వేషమునకు తన్ను తాను అర్పించుకొనుట, చూచువారిని మఱచుట కొంతవఱకు నేర్పదగినదే.

పరీక్షల మాటయేమని తల్లిదండ్రులడుగుదురు. అడుగవలసినదే. నరేంద్రుడు 1879లో ప్రవేశపరీక్షయందు ప్రథమశ్రేణి నందెను. అయినను ఆటలాడినవారికెల్ల ప్రథమశ్రేణి వచ్చునని దానినుండి వాదించుట మోసము. ఆహారవిహారములయందు మితము గలవానికే యోగము దుఃఖహరమగునని గీత ఆఱవ అధ్యాయము చెప్పుచున్నది. వారమునకు రెండు సాయంకాలములు చాలును. నాలుగు సంఘములలో పేరు వ్రాయించుకొనిన బాలునికంటె, ఒక్క సంఘమున ఏడాది పొడవున నిలిచిన బాలుడు ఎక్కువ నేర్చును. దూరమునుండి వచ్చు పిల్లలకొఱకు, ఆడపిల్లలకొఱకు సాధన వేళను మధ్యాహ్నమునకు మార్చుట ఉపాధ్యాయులకు కొంత కష్టమే యైనను అసాధ్యము కాదు. పాత్రలను ఏటేట మార్చవచ్చును. నిరుడు రాముడైనవాడు ఈయేడు తెరత్రాడు పట్టవచ్చును.

వార్షికోత్సవము ముగిసి, బహుమతులు పంచి, ముఖ్య అతిథి కారెక్కి వెడలిన పిదప, తరగతులనుండి తెచ్చిన బల్లలు మరల లోపలికి మోయవలసియుండును. దీపములు ఒకటొకటిగ ఆరుచుండును. తల్లిదండ్రులు ద్వారమువద్ద పిల్లలను పిలుచుచుందురు. ఆ సమయమున ప్రధానోపాధ్యాయుడు ఒక స్తంభము చాటున నిలిచి, బల్ల రెండవ కొసను పట్టుటకు పిలువకయే వచ్చువారెవరో గమనింపవచ్చును. మఱుసటి యేటి కార్యదర్శి పేరు ఆయనకు అచ్చటనే దొరకును.