సముద్రము పాలైన నీరు వృథాయేనా?



నారములనగా జలములు. అవి యెవనికి నివాసమో ఆయన నారాయణుడు. ఈ వ్యుత్పత్తిని పాఠశాలలో బాల్యముననే వల్లించితిమి. అయినను నీటిని గూర్చి నేను నిజముగా ఆలోచించినది వల్లించిన నాడు కాదు. అరువది యేండ్లు దాటిన పిమ్మట, అంతర్వేదిలో ఒక రైతు అడిగిన మాటకు తొందరపడి బదులు చెప్పిన నాడు.

కొన్ని సంవత్సరముల క్రిందట భాద్రపదమాసమున శ్రీ లక్ష్మీనృసింహస్వామివారిని సేవించుకొని అన్నాచెల్లెళ్ళ గట్టునకు పోయితిని. వశిష్ఠ గోదావరి అచ్చటనే సముద్రమున గలియును. వరద యింకను తీయలేదు. ఎఱ్ఱనీరు సముద్రములోనికి కనుచూపు మేర చొచ్చుకొనిపోవుచుండెను. అనంతపురము జిల్లానుండి యాత్రకు వచ్చిన వృద్ధుడొకరు నా ప్రక్కన నిలిచి చాలసేపు చూచి, “ఎన్ని నీళ్ళు స్వామీ! అన్నీ సముద్రం పాలేనా? మా చేన్లో ఎనిమిది నూర్లడుగులు బోరేస్తే దుమ్మే వచ్చె” అనిరి. నేను వెంటనే, “సముద్రమునుండి వచ్చినది సముద్రమునకే పోవుచున్నది. ఇందులో వృథా యేమున్నదయ్యా?” అంటిని. ఆయన వాదింపలేదు. “మీరు ఏటి గడ్డన పుట్టినోరు స్వామీ” అని మాత్రమని యూరకుండిరి.

ఆ మాట ములుకువలె నాటుకొన్నది. నేను చెప్పినది అబద్ధము కాదు. కాని దప్పికగొన్నవానికి చెప్పవలసిన మాటయా యది?

ముందుగా లెక్క చూతము. శాస్త్రజ్ఞుల గణనము ననుసరించి ఏటేట సముద్రములనుండి ఆవిరియై పైకి లేచు నీరు సుమారు 4 లక్షల 13 వేల ఘన కిలోమీటర్లు. అందు 3 లక్షల 73 వేలు మరల సముద్రము మీదనే వర్షించును. మిగిలిన 40 వేలను మాత్రమే గాలులు నేలపైకి మోసికొని వచ్చును. నేలమీద కురియునది మొత్తము 1 లక్షా 13 వేలు. అందు 73 వేలు చెట్లనుండి, చేలనుండి, చెఱువులనుండి ఆవిరిగా లేచిపోవును. శేషించిన 40 వేలు నదులుగా, కొంత భూగర్భముననే, సముద్రమును చేరును. తెచ్చిన అప్పు తెచ్చినంతయు తీరుచున్నది. వడ్డీ మాత్రము లేదు; ఋణదాత అట్టివాడు!

ఇందొక వింత గమనింపుడు. సముద్రమునుండి లేచిన నీటిలో పదింట తొమ్మిది పాళ్ళు ఉప్పునీటి మీదనే కురియుచున్నవి. మనుష్యునకు ఉపయోగింపనిదంతయు వృథాయే యైనచో, మొదట ఈ తొమ్మిది పాళ్ళనే వృథా యనవలెను. ఆ వ్యయమును చేయుచున్నది మనము కాదు.

గోదావరినే చూడుడు. త్ర్యంబకమున పుట్టినచోటు పడమటి సముద్రమునకు 80 కిలోమీటర్ల దూరమే. అయినను తనకు నీరిచ్చిన ఆ సముద్రమునకు వెన్నుచూపి, 1465 కిలోమీటర్లు నడచి తూర్పు సముద్రమునకు పోవును. పోవుచు ఊరక పోదు. మేము నిలిచిన గట్టు, వెనుకనున్న కోనసీమ కొబ్బరితోటలు, ఆ యెఱ్ఱనీరు వేల యేండ్లుగా తెచ్చిపోసిన ఒండ్రుమట్టియే. ఆ మట్టిని ఆనకట్టల వెనుక నిలిపివేసినకొలది తీరము కోసికొనిపోవును. నదీజలము తగ్గినచో ఉప్పునీరు ఎగువకు, బావులలోనికి ఎక్కివచ్చును. వానకాలమున పులసచేప సముద్రమునుండి ఎదురీదివచ్చునది ఈ మంచినీటికొఱకే. (దాని రుచి నాకు తెలియదు గాని, దాని ప్రయాణము నాశ్చర్యముతో చూచినవాడను.) మరియొకటి: నదులు తెచ్చిన మంచినీరు తేలిక గాన బంగాళాఖాతముపై పలుచని పొరగా తేలియుండి, క్రిందనున్న చల్లనినీటిని పైకి రానీయదనియు, అందువలన సముద్రతలము వెచ్చగానుండి మేఘములు పుట్టుటకు సాయపడుననియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ సముద్రమున పుట్టిన వాయుగుండములే మరల గోదావరిని నింపుచున్నవి.

ఇంతవరకు వాదమున నేను గెలిచినట్లే తోచును. కాని సముద్రమునకు భాగము కలదనుటచేత అనంతపురమునకు భాగము లేదనుట సిద్ధింపదు. నా తప్పు ఇచ్చటనే. నదికి సముద్రమును చేరు పని యున్నది. అంతమాత్రమున అందు కడవెడు ముంచుకొనుట దోషమా? దప్పికకు మొదటి భాగము, పైరునకు పిమ్మటి భాగము. 2015లో పట్టిసీమనుండి గోదావరి నీటిని కృష్ణలోనికి ఎత్తిపోయుట మొదలైనపుడు మావైపు కొందఱు సణిగిరి. నేను సణుగలేదు గాని సంతోషింపనునులేదు. నిజము చెప్పవలెను గదా. సార్వా కోసి దాళ్వా నాటి, కాలువ నీటిని గట్లు తెగి మురుగుకాలువలోనికి పొర్లనిచ్చు మేము, సముద్రమున గలియు నీటిని చూచి వృథా యనుట మాకే చెల్లినది.

ఆ వృద్ధునితో మరియొక లెక్క చెప్పియుండవలసినది. అనంతపురమున ఏటా కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కొంచెమే. అయినను ఎకరము నేలపై పడునది 22 లక్షల లీటర్లగును! గట్టిరాతి నేలలో నీరు పగుళ్ళలో మాత్రమే నిలుచును. ఎనిమిది నూర్లడుగుల లోతుననున్నది ఏ తాతలనాటి వాననీరో. దానికై త్రవ్వుచు, నిన్నటి వానను వాగులో పోనిచ్చుచున్నాము. ప్రక్కనున్న కడప జిల్లా పోరుమామిళ్ళలో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు త్రవ్వించిన చెఱువు కలదు. శాలివాహన శకము 1291, అనగా క్రీ.శ. 1369 నాటి దాని సంస్కృతశాసనమున చెఱువునకు 12 అంగములు, 6 దోషములు చెప్పబడినవి. కట్ట ఊటకారుట, చవుడునేల మొదలగువానితోబాటు, రెండు రాజ్యముల సరిహద్దున నుండుటయు ఒక దోషమట! ఆఱు నూర్ల యేండ్లకు ముందే ఇది యెఱిగినవారున్నారు.

ఇవియన్నియు నాకు తరువాత తోచినవి. ఆనాడు మేమిద్దఱమును మాటలేక బస్సుకొఱకు నిలిచియుండగా వాన వచ్చినది. కొంత గట్టు మీద, కొంత నది మీద, పెక్కుపాలు సముద్రము మీద కురిసెను. నేను గొడుగు విప్పి రమ్మంటిని. ఆయన రాలేదు. తువ్వాలు చంకనబెట్టుకొని, రెండు చేతులు దోసిలిపట్టి వానలోనే నిలిచిరి.