పుణ్యం లెక్క తెలిసిపోయాక దానం ఎలా చేయాలి?

తుపాకుల గేమ్స్ ఆడితే పాపం వస్తుందా అని మన కుర్రాళ్లు తరచూ అడుగుతుంటారు. తెర మీద బొమ్మని కాల్చినందుకు పద్దు రాసేంత ఖాళీ చిత్రగుప్తుడికి ఉండదని నా అభిప్రాయం. కానీ అంతకంటే మంచి ప్రశ్న వేసే గేమ్ ఒకటుంది.

దాని పేరు మెట్రో 2033. దిమిత్రీ గ్లుఖోవ్‌స్కీ రాసిన రష్యన్ నవల ఆధారంగా ఉక్రెయిన్‌కి చెందిన 4ఏ గేమ్స్ వాళ్లు 2010లో తెచ్చారు. అణుయుద్ధంలో మాస్కో నాశనమైపోయింది. మిగిలినవాళ్లు మెట్రో స్టేషన్లలో, సొరంగాల్లో కాపురాలు పెట్టుకున్నారు. పైన గాలి విషం. మాస్కు తగిలించుకుని, ఫిల్టర్ ఇంకెంతసేపు పనిచేస్తుందో చేతి గడియారంలో చూసుకుంటూ నడవాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడితే ఆ ఊపిరి చప్పుడుకి మనకే ఊపిరాడనట్టు ఉంటుంది.

అక్కడ డబ్బంటే తూటాలే. యుద్ధానికి ముందు తయారైన మేలురకం తూటాలతో సరుకులు కొనుక్కోవచ్చు, లేదా తుపాకిలో పెట్టి కాల్చేయొచ్చు. అలాంటి చోట ఒక పిల్లాడు వచ్చి చెయ్యి చాస్తాడు. ఇస్తే మీకు కనిపించే లాభం ఏమీ లేదు. తెర ఒక్క క్షణం మెరిసినట్టవుతుంది, అంతే.

కానీ గేమ్ లోలోపల లెక్క రాసుకుంటూనే ఉంటుంది. పసివాణ్ణి భుజాన మోసుకొచ్చి తల్లికి అప్పగించి, ఆమె ఇవ్వబోయిన తూటాలు వద్దంటే ఒక పాయింటు. స్టేషన్‌లో ఎవరో మాట్లాడుకుంటుంటే ఊరికే ఆగి విన్నా పాయింటే! నవవిధ భక్తుల్లో శ్రవణాన్ని ముందు పెట్టిన మనకి ఇది వింతగా అనిపించదు.

ముగింపు తెలుసుకోవడం ఇష్టంలేనివాళ్లు ఈ పేరా దాటేయండి. చివర్లో ‘డార్క్ వన్స్’ అనే జీవుల మీదికి క్షిపణులు వెళ్లాలి. నిజానికి వాళ్లు మనిషితో స్నేహం కోసమే వచ్చారు. లెక్కలో తగినన్ని పాయింట్లుంటేనే ఆ దాడిని ఆపే అవకాశం వస్తుంది. లేకపోతే రెండో దారి ఉందని కూడా తెలీదు. నాకు వెంటనే సౌప్తిక పర్వం గుర్తొచ్చింది. బ్రహ్మశిరోస్త్రం వేయడం అర్జునుడికీ వచ్చు, అశ్వత్థామకీ వచ్చు. వెనక్కి తీసుకోమన్నప్పుడు అర్జునుడు తీసుకోగలిగాడు, అశ్వత్థామ తీసుకోలేకపోయాడు. దానికి ఏళ్ల తరబడి నియమంగా బతికి ఉండాలి, అప్పటికప్పుడు వచ్చేది కాదు.

ఇక అసలు చిక్కు. ఎక్కడ ఎవరికి ఇస్తే పాయింటొస్తుందో చెప్పే గైడ్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. అవి చూసి ఇచ్చిన తూటా, ఏమీ తెలియకుండా ఇచ్చిన తూటా ఒకటేనా? గేమ్‌కి ఒకటే. గీత పదిహేడో అధ్యాయంలో మాత్రం కాదు. తిరిగి ఏమీ చేయలేనివాడికి, ఇవ్వాలి కాబట్టి ఇచ్చేది సాత్త్వికం. ఫలం మీద కన్నేసి ఇచ్చేది రాజసం. బయట ప్రపంచంలో రాజసానికీ విలువుంది, పేరు కోసం అన్నదానం చేయించినా ఆకలైనవాడి కడుపు నిండుతుంది. గేమ్‌లో నిండే కడుపు లేదు, ఇచ్చేవాడి మనసు తప్ప ఇంకేమీ లేదు.

ఇందులో మనల్ని ఇబ్బంది పెట్టే సంగతి ఇంకోటుంది. మనం పుట్టుకతోనే గైడ్ చదివినవాళ్లం! ఏ దానానికి ఏ ఫలమో, ఏ వ్రతానికి ఏ పుణ్యమో చిన్నప్పటినుంచీ వింటున్నాం. తెలిసిపోయింది కదా, ఇక తెలియనట్టు ఎలా ఇస్తాం? మర్చిపోవాలని ప్రయత్నిస్తే కుదరదని నేననుకుంటాను. ఎదుటి మనిషి మీద ధ్యాస ఎక్కువైతే లెక్క దానంతటదే వెనక్కి పోతుందేమో. ఆ స్టేషన్లలో పాయింటు వచ్చేశాక కూడా, ఆ ఇద్దరూ ఇంకేం చెప్పుకుంటారోనని గోడకి ఆనుకుని నిలబడే ఆటగాళ్లు లేకపోలేదు.