నిలిచియున్న కారు చేయు కర్మ

ఏ పనియు చేయకుండుటయే నిర్దోషత్వమని తలంచువారికి, కాలిఫోర్నియాలో షెడ్డునకు తాళము వేసి యుంచిన పాత కారు తగిన ప్రత్యుత్తరము. అకర్మమునందలి కర్మమును గూర్చి భగవద్గీత నాలుగవ అధ్యాయమున వ్యాఖ్యాతలు సూక్ష్మతర్కములు గావించిన ప్రశ్ననే ఈ కారు పెట్రోలు వాసనతో అడుగుచున్నది.

యంత్ర మాగియున్నను, ప్రొద్దెక్కినకొలది ట్యాంకులోని పెట్రోలు వేడెక్కి, ఆవిరియై, పూర్వపు కార్ల ట్యాంకులకు గాలికై విడిచిన రంధ్రముగుండ బయటికి బోవును; ప్రయాణము ముగిసిన పిమ్మట ఇంజను వేడికి కార్బ్యురేటరులో మిగిలినదియు నట్లే యెగిరిపోవును. యజమాని నిద్రించుచున్నను, ఊర లేకున్నను ఈ వ్యాపార మాగదు. 1943లో లాస్ ఏంజిలిస్ నగరమును కన్నులు మండించు పొగ గప్పినప్పుడు దాని మూల మెవరికిని దెలియలేదు; అనాసపండు పరిమళమును పరిశోధించుచుండిన రసాయన శాస్త్రజ్ఞుడు ఆరీ హాగెన్ స్మిట్, 1950 తరువాతి సంవత్సరములలో, మండక మిగిలిన ఇంధనపుటావిరియు నైట్రజను ఆక్సైడులును ఎండలో గలిసి ఓజోనును పుట్టించుచున్నవని చూపెను. ఒక్కొక్క కారు విడుచునది స్వల్పము, ఎవ్వరును సంకల్పించినది కాదు. అయినను నగరమంతయు దానినే పీల్చెను. సంకల్పము లేనిచోట పాప మెక్కడిదని వాదింపవచ్చును గాని, విషయము తెలిసిన పిమ్మట ఆ వాదము నిలువదని నా యభిప్రాయము.

1970 నమూనా కార్లకు కాలిఫోర్నియాయు, మరుసటి యేడు అమెరికా యంతయు విధించిన యుపాయము సరళమైనది. ట్యాంకు మూత బిగించి, ఆవిరిని గొట్టముద్వారా ఉత్తేజిత కర్బనము నింపిన డబ్బాలోనికి బంపుదురు. ఒక్క గ్రాము బొగ్గునకే వందల చదరపు మీటర్ల యుపరితల ముండుటచే, అది ఆవిరిని బట్టియుంచి, ఇంజను నడచునపుడు పీల్చబడు గాలితో దాని కప్పగించును. నిగ్రహమును బోధించువారు ఈ డబ్బాను జూడదగును: ఇది దేనిని నశింపజేయక, సమయము వచ్చువరకు దాచి పనికి వినియోగించును.

విచిత్రమేమన, పాత కార్లను యథాతథముగ నిలుపుదు మనువారిలోనే కొందరు ఈ నల్లని డబ్బాను వికారమని పెరికివేయుదురు. 1971 నాటి కారునకు ఆ డబ్బాయు పుట్టుకతో వచ్చిన యంగమే గనుక, వారు తాము పూజించు మూలరూపమునే భంగపరచుచున్నారు. అంతకు ముందటి కార్ల సంగతి కష్టతరము. చట్టము వానికి డబ్బాను విధింపలేదు. కాలిఫోర్నియాయే 1975 నాటివానిని, అంతకు పూర్వపువానిని పొగ పరీక్షనుండి విడిచినది. 1960 నాటి కారునకు డబ్బా తగిలించిన మూలరూపము చెడును, తగిలింపకున్న ఆవిరి వెడలును. నన్నడిగిన, తగిలింపు మందును: ప్రక్కయింటివారు పీల్చిన దానిని వెనుకకు దీసికొను మార్గము లేదు గాని, రేకునకు క్రొత్త రంధ్రము వేయక బిగించిన డబ్బాను తరువాతి యజమాని ఎప్పుడైనను విప్పుకొనవచ్చును.