ఇంకను పనిచేయుచున్నది గదా!



మన యిండ్లలో తరచుగా వినబడు మాట యొకటి గలదు: “ఇంకను పనిచేయుచున్నది గదా, మార్చనేల?” సైకిలును గూర్చియు, గొడుగును గూర్చియు ఈ మాట చెల్లును. వంటింటిలోని పాత స్టవ్వును గూర్చియు, కట్టెల పొయ్యిని గూర్చియు చెల్లునా? ఇది చిన్న సంగతియని తోచవచ్చును. అయితే మన ప్రేమయు మన లోభమును బయలుపడునది పండుగ దినమున కాదు, ప్రతి దినము రెండు పూటలు జరుగు పనిలోనే.

పాతదానిని కాపాడుకొనుట పాపము కాదు. మన ప్రభువు ఐదు రొట్టెలతో ఐదు వేలమందిని తృప్తిపరచిన పిమ్మట, మిగిలిన ముక్కలను పారవేయనీయక పండ్రెండు గంపలకు ఎత్తించెను. రొట్టెను విస్తరింపజేయగలవాడే ముక్కలను పోగుచేయించెను. గనుక క్రొత్తది కనబడిన వెంటనే అప్పుచేసి కొనుట తెలివి కాదు. ఆళ్లగడ్డలో రాతిని చెక్కు శిల్పుల పనిని చూడుడి. ఉలి మొద్దుబారినంత మాత్రమున పారవేయవలసినది కాదు. కొలిమిలో కాల్చి, సాగగొట్టి, పదును పెట్టుకొనవచ్చును. అయితే చీలిన ఉలిని తాతగారిదను మమకారముతో చేతబట్టినయెడల అది రాతిని చెరుపును, చేతినిని గాయపరచును. పాతదా క్రొత్తదా అనునది ప్రశ్న కాదు. పనికి తగునా, పట్టిన చేతికి హాని చేయునా అనునదే ప్రశ్న.

చలి దేశములలో ఇంటిని వెచ్చగా నుంచుటకు నూనెతో మండు బాయిలరు పెట్టుకొనువారు అనేకులు గలరు. అది పాతబడినప్పుడు, “ఇంకొక చలికాలము నడుచునా, ఇప్పుడే మార్చవలెనా?” అని లెక్కలు వేసికొందురు. అక్కడ అది చెడినయెడల లెక్క వేసిన యజమానుడును ఇంటివారితో కూడ వణకును. మన నంద్యాల సీమలో ఇంటిని వెచ్చజేయు పని లేదు. మన యిండ్లలో మండునది పొయ్యి మాత్రమే. ఇక్కడ లెక్క వేయువాడు అరుగుమీద కూర్చుండును, పొగను పీల్చునది వంటింటిలో నుండును. రూకలు ఒకరివి, ఊపిరి మరియొకరిది. అందువలననే ఇది ధర్మ ప్రశ్నయగుచున్నది.

స్టవ్వు సంగతి కొంచెము తెలిసికొందము. వత్తుల స్టవ్వులో కిరసనాయిలు వత్తి వెంబడి పైకెక్కి మండును. వత్తులు సమముగా నున్నంతకాలము మంట నీలముగా నుండును. అవి కాలి ఎచ్చుతగ్గులైన తరువాత మంట పసుపుపచ్చనై, గిన్నె అడుగు మసిబారి, గదియంతయు వాసన కొట్టును. పంపు స్టవ్వులో గాలి ఒత్తిడికి నూనె పైకెక్కి, వేడికి ఆవిరియై, సన్నని రంధ్రముగుండ వచ్చి మండును. ఆ రంధ్రము మూసికొనినను, అతుకు వదలి నూనె కారినను ప్రమాదమే. ఈ విధమైన స్టవ్వును 1892లో స్వీడను దేశస్థుడైన లిండ్‌క్విస్టు చేసెను. కట్టెల పొగలో మ్రగ్గిన గృహిణులకు ఆనాడది గొప్ప విడుదల. ఒక తరమునకు విడుదలయైనది మరియొక తరమునకు బంధకము కావచ్చును. ఇండ్లలో కిరసనాయిలు మండించుట మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో హెచ్చరించినది. పొయ్యి పొగచేత చెడిన ఇంటిగాలి వలన 2020వ సంవత్సరములో లోకమంతటను 32 లక్షలమంది మరణించిరనియు, వారిలో ఐదేండ్లలోపు పిల్లలు 2,37,000 మందికి పైగా నుండిరనియు ఆ సంస్థ అంచనా. తల్లి కొంగు పట్టుకొని పొయ్యి యొద్ద కూర్చుండు బిడ్డలే వీరు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక చిన్న ఆజ్ఞ గలదు. ఇల్లు కట్టువాడు మిద్దెమీదినుండి ఎవడును పడకుండునట్లు పిట్టగోడ కట్టవలెను. కట్టనియెడల పడినవాని రక్తదోషము ఆ యింటిమీదికి వచ్చును. ఇంతవరకు ఎవడును పడలేదు గదా యని తప్పించుకొనుటకు అక్కడ చోటు లేదు. ఎవడైన పడకమునుపే కట్టుట ప్రేమ. పడిన తరువాత కట్టుట పశ్చాత్తాపము మాత్రమే.

“మంచిదే, అయితే డబ్బు మాటేమి?” అని మీరు అడుగుదురు. అడుగవలసినదే. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువే బోధించెను. మన రాష్ట్రములో 1999లో దీపం పథకము క్రింద డ్వాక్రా సంఘముల స్త్రీలకు గ్యాసు కనెక్షనులు ఇచ్చుట మొదలైనది. 2016లో కేంద్ర ప్రభుత్వము ఉజ్వల పథకమును తెచ్చినది. 2024లో దీపం-2 క్రింద అర్హతగల కుటుంబమునకు ఏడాదికి 3 సిలిండర్లు ఉచితముగా నిచ్చు ఏర్పాటు ఆరంభమైనది. అయినను 14.2 కిలోల సిలిండరు మూడు మారులు వచ్చినంత మాత్రమున పెద్ద సంసారమునకు ఏడాది గడవదు. అందుచేత చుట్టము వచ్చినప్పుడు టీ కాచుటకు గ్యాసును దాచి, ఇంటివారి అన్నమునకు కట్టెలనో పాత స్టవ్వునో వాడు ఇండ్లు గలవు. చుట్టపు కన్నులకు లేని పొగ ఇల్లాలి కన్నులకు ఎందుకు?

లెక్క వేయునప్పుడు పూర్తిగా వేయుడి. నల్లమల అంచు పల్లెలలో కట్టెల మోపు, పొలములో పత్తికట్టె, గట్టుమీది కంప ఊరకే వచ్చుననుకొందుము. ఊరకే వచ్చినవి కావు, ఆమె తలమీద వచ్చినవి. ఆమె నడిచిన గడియలను, ఆమె దగ్గును, వైద్యుని ఖర్చును ఒక ప్రక్కను వ్రాసి, సిలిండరు వెలను రెండవ ప్రక్కను వ్రాయుడి. ఇంటిలో బీడీకిని సెల్‌ఫోనుకును అగుచున్న ఖర్చును కూడ వ్రాయుడి. క్రొత్తది తెచ్చుటతో బాధ్యత తీరిపోదు. గ్యాసు గాలికంటె బరువైనది గనుక కారినప్పుడు నేల పొంతనే నిలుచును. క్రింద గాలి పోవు మార్గముంచి, రబ్బరు గొట్టము బీటలు వారకమునుపే మార్చవలెను.

నిజముగా చేతకానివారును మనలో గలరు. సారెపతు విధవరాలు ఊరి గవినియొద్ద పుల్లలు ఏరుకొనుచుండగా ఏలీయా ఆమెను చూచెను. ఆయన ఆమె పేదరికమును నిందింపలేదు. ఆమె తొట్టిలో పిండి తక్కువ కాకుండ దేవుడు చూచెను. నేడు అట్టి విధవరాలు మన సంఘములో నున్నయెడల ఆమెను చూడవలసినది ఎవరు? పిడికెడు బియ్యము పోగుచేయు సంఘమునకు, కోతపండుగ కానుకలు తెచ్చు సంఘమునకు, ఒక ముసలితల్లి సిలిండరు ఖర్చు భారమా? అదియు కుదరని యింట పొగ పోవుటకు గోడకు కిటికీ తీయుటకైనను, ఆరిన కట్టెలు అందించుటకైనను నలుగురు యౌవనులు చాలును.

పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రతీరమున నిప్పులు సిద్ధపరచి, చేపలను రొట్టెను ఉంచి, రాత్రియంతయు శ్రమపడిన శిష్యులను భోజనమునకు పిలిచెను. మరణమును జయించినవాడు పొయ్యి పనిని తక్కువగా నెంచలేదు. గనుక ఇంటి యజమానులారా, పాతది చాలునని తీర్పు చెప్పకమునుపు, పొయ్యి మండుచున్న వేళ ఒక గడియ ఆమె ప్రక్కన కూర్చుండుడి. మీ కన్నులు మండినప్పుడు మీ లెక్క సరియగును.

మన యిండ్లలో బలహీనులు మోయుచున్న భారమును చూచు కన్నులను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.