నేటి మునుము

మహాకార్యమునకు శత్రువు సోమరితనమొక్కటియే కాదు. దాని పరిమాణమును తలచినపుడు కలుగు భయము కూడ. ఆ భయమునకే మనము తరచుగా “తీరిక లేదు” అని పేరు పెట్టుచుందుము.

మా కారంచేడు పొలములలో కలుపు తీయు స్త్రీలు చేనంతటిని చూచి దిగులుపడరు. తమ మునుము పట్టి, అది ముగించి, మరియొకటి పట్టుదురు.

పండితులును ఇట్లే చేసిరి. 1911లో నెలకొన్న ఆంధ్రసాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులుగారి పూనికతో, పిఠాపురము మహారాజుగారి పోషణతో ఒక బృహన్నిఘంటువును తలపెట్టినది. ఒక్కొక్క పదమునకు అర్థమును నిర్ణయించి, కవిప్రయోగమును చూపవలెను. సూర్యరాయాంధ్ర నిఘంటువు ప్రథమ సంపుటము 1936లో వెలువడినది. పంతులుగారు 1941లో కీర్తిశేషులైరి. కడపటిదగు ఎనిమిదవ సంపుటము 1972లో గాని రాలేదు.

ఆరంభించినవారు పోయినను పని యేల నిలువలేదు? ఒక పదము ముగిసినచో అది ముగిసినదే. తరువాతి పదమును మరియొకరు అందుకొనవచ్చును. అన్నిటిని సగము సగము చేసి విడిచినచో ఆ సగము కర్తతోనే పోవును. కావున మెట్టు చిన్నదగుట చాలదు. అది పూర్తి కావలెను.

శరణులు కాయకమును పూజతో సమముగా నెంచిరి. లింగార్చన ఏనాటిది ఆనాడే పూర్తియగును గదా! కాయకమును అట్లే కావలెను. మఠములోని ప్రాచీన గ్రంథములకు పట్టిక వ్రాయదలచినవారు నేడొక్క గ్రంథము పేరు, కర్త, పుటల సంఖ్య తప్పులేక వ్రాయుదురు గాక. రేపటి గ్రంథమును రేపటి చేయి అందుకొనును.