ప్రార్థన నడుమ పాలు పొంగిన వేళ

మా యింట రాత్రి భోజనమునకు ముందు కుటుంబ ప్రార్థన జరుగుట మా తాతగారి నాటినుండి వచ్చుచున్న యాచారము. ఒక కీర్తన పాడి, వాక్యము చదివిన పిమ్మట మా యమ్మ ప్రార్థన మొదలుపెట్టినచో, అది సంఘపు అయ్యగారిని, ఊరిలోని రోగులను, రేపల్లెలోనున్న పెదనాన్నగారి కీళ్లనొప్పులను, పెండ్లి కుదురని మేనకోడలిని వరుసగా పలుకరించుకొనుచు మా గడప చేరునప్పటికి అన్నము చల్లారుట కద్దు. గడచిన మాసమున ఒకనాడు ఆ ప్రార్థన సరిగా మా గడప చేరిన తరుణమున వంటింటిలో పాలు పొంగుచున్న చప్పుడు వినవచ్చెను. నా భార్య మూడు దినములుగా జ్వరముతో మంచము పట్టియుండెను. మా యమ్మ కన్నులు తెరువకయే, స్వరము మార్చకయే, "తండ్రీ, మా పిల్లలను చల్లగా చూడు, ఆ పాలు కాస్త చూడు, మా అప్పులు తీర్చు" అని యొక్క యూపిరిలో పలికి ముందునకు సాగిపోయెను. పాలు చూడవలసిన మా చిన్నపిల్ల, ఆరేండ్లది, చేతులు జోడించుకొని కదలక కూర్చుండెను. ఆమేన్ పలుకులోపల గిన్నె సగము ఖాళీ యయ్యెను, మిగిలినది అడుగంటెను. "చూడమన్నాను కదే!" అని మా యమ్మ గద్దింపగా ఆ పిల్ల బిత్తరపోయి, "నాతోనా? దేవుడితో చెప్పావనుకున్నా నాయనమ్మా" అనెను.

దోషము పిల్లది కాదు. పెద్దలనెల్ల 'మీరు' అను మనము దేవుని మాత్రము మనుమరాలిని పిలిచినట్లు 'నీవు' అనియే పిలుతుము గనుక, ఆ 'చూడు' అను క్రియ యెవరికి చెందినదో తేల్చుట వ్యాకరణవేత్తకును కష్టమే. ఆ వారము మా యింట నవ్వు పుట్టవలసిన వారమును కాదు. అప్పిచ్చినవాడు రెండు మారులు వచ్చిపోయెను, పెద్దవాడు లెక్కల పరీక్ష తప్పెను. ఐనను మొదట మంచముమీదినుండి నా భార్య నవ్వెను, పిమ్మట నేను, కడపట కోపమును మరికొంతసేపు నిలుపుకొనజూచి యోడిపోయి మా యమ్మయు నవ్వెను. ప్రార్థన చెడిపోయెనని యామె తరువాత నొచ్చుకొనెను గాని, ఆ వారమున మా యింట ఫలించిన ప్రార్థన అదియొక్కటియే యని నాకు తోచినది.

ఏలయన, ప్రార్థన నడుమ నవ్వు పుట్టుట క్రొత్త సంగతి కాదు. ఆదికాండములో తొంబదియేండ్ల శారా గుడారపు ద్వారమున నిలిచి, వచ్చు సంవత్సరమునకు నీకు కుమారుడు కలుగునను మాట విని, లోలోపల నవ్వుకొనెను. పట్టుబడి, భయపడి, నేను నవ్వలేదని బొంకెను. కాదు, నీవు నవ్వితివని దేవుడు మెల్లగా దిద్దెను. అంతే, శిక్ష లేదు, శాపము లేదు. పుట్టిన బిడ్డకు ఇస్సాకను పేరు నిలిచెను. హెబ్రీ భాషలో ఆ పేరునకు నవ్వుననియే యర్థము. ఇక్కడ నాకొక చిన్న ఫిర్యాదు కలదు. అంతకు ముందటి యధ్యాయములోనే, ఇదే మాట విని, అబ్రాహాము సాగిలపడి నవ్వెను. ఆయనను ఎందుకు నవ్వితివని యడిగినవారు లేరు. ఇంట నవ్విన నేరము ఆడువారికే తగులుట నాటినుండియు ఉన్నట్లున్నది! ఏది యెట్లున్నను, నమ్మలేక నవ్విన నవ్వునే దేవుడు తీసికొని, దానినే ఉయ్యాలలోనుంచి యామె చేతికిచ్చెను.

అమెరికాదేశపు క్వేకరు తత్త్వవేత్త ఎల్టన్ ట్రూబ్లడ్ 1964లో క్రీస్తుని హాస్యమును గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. దానికి బీజము పడినది ఏ విద్యాపీఠములోనో కాదు, ఆయన యింటిలోనే. తల్లిదండ్రులు మిక్కిలి గంభీరముగా మత్తయి సువార్త యేడవ యధ్యాయము చదువుచుండగా, వారి నాలుగేండ్ల పెద్దకుమారుడు ఉన్నట్టుండి పకపక నవ్వెనట. తన కంటిలో దూలము పెట్టుకొని యెదుటివాని కంటి నలుసుకై వెదకులాడు మనుష్యుని ఆ బాలుడు కన్నులార చూచెను. పెద్దలు అర్థమును మాత్రమే చూచిరి. తాటిదూలముల యింట పెరిగినవారికి ఈ బొమ్మ యెంత విడ్డూరమైనదో చెప్పనక్కరలేదు. చెప్పినవాడు వడ్రంగియే కదా. దూలమెంత బరువుండునో ఆయన భుజమునకు తెలియును. దోమను వడియగట్టి ఒంటెను మ్రింగుటను గూర్చి ఆయన పలికిన మాటలోనైతే, ఆయన మాటాడిన అరమాయిక్ భాషలో దోమకును ఒంటెకును పేర్లు ఇంచుమించుగ నొక్కటే యగుటచేత, శ్లేషయు దాగియున్నదని పండితులందురు. ఇన్నియేండ్లు ఆ వాక్యములను మేము పీఠమునెదుట తలవంచుకొని వింటిమి, ఒక్కనాడును పెదవి కదలలేదు.

మా గుంటూరువారికి ఈ విషయమున ఇంకొక పెద్దదిక్కు కలదు. 1842లో మిషనరీయైన ఫాదర్ హయ్యరు ఇచ్చట దిగి లూథరన్ సంఘమునకు పునాది వేసిననాటినుండి మార్టిన్ లూథరు పేరు మా యిండ్లలో తాతపేరువలె చెల్లుచున్నది. ఐతే ఆయనను మేము సుత్తె చేతబట్టిన వీరునిగానే ఎరుగుదుము; వివాహమును గూర్చి 1522లో, అనగా తాను పెండ్లియాడుటకు మూడేండ్లు ముందే, ఆయన వ్రాసిన మాటను తక్కువమంది తలచుకొందురు. తండ్రియైనవాడు కూర్చుండి పసిబిడ్డ మైలగుడ్డలు ఉతుకుచుండగా లోకులు చూచి ఆడంగివాడని యెగతాళి చేసినను, అతడు విశ్వాసముతో ఆ పని చేయుచున్నయెడల దేవుడు తన దూతలందరితోను సమస్త సృష్టితోను కలిసి చిరునవ్వు నవ్వుననియు, ఆ నవ్వు ఉతుకుచున్నందుకు కాదు, విశ్వాసముతో ఉతుకుచున్నందుకనియు ఆయన భావము. పిమ్మట 1525లో కాథరీనాను వివాహమాడి, విట్టెన్‌బర్గులోని పాత మఠములోనే కాపురముండి, ఆరుగురు బిడ్డలను కని, తాను ముందు వ్రాసినదానిని అనుభవించి తెలిసికొనెను. తన బిడ్డలకు చదువు చెప్పుచుండిన జెరోమ్ వెల్లరు మనోవ్యాకులతతో కుమిలిపోవుచుండగా 1530లో జాబు వ్రాసి, ఒంటరిగా నుండవద్దు, నలుగురితో కూడి పరిహాసములాడుము అని బోధించెను. అదియు ఉపదేశమే!

హాస్యమనగానే అన్నియు ఒక్క గాటికి కట్టరాదు. అతిథులయెదుట భార్య వంటను వెక్కిరించి, ఆమె కన్నీరు పెట్టుకొన్న పిమ్మట సరదాకంటినని తప్పించుకొను మగవానిది హాస్యము కాదు, పిరికితనము. అట్టివారినే కీర్తనకారుడు అపహాసకులని మొదటి కీర్తన మొదటి వచనములోనే గెంటివేసెను. మరియు నవ్వు దుఃఖమునకు తెర కాదు. 1542లో పదుమూడేండ్ల కూతురు మాగ్దలీనా తన చేతులలో కన్నుమూసినప్పుడు, విందుబల్లయొద్ద అందరిని నవ్వించు ఆ లూథరే మోకరించి వెక్కివెక్కి యేడ్చెను. పునరుత్థానమును నమ్మినవాడు గనుక ఏడువకూడదని ఆయన యెంచలేదు. ఏడ్చినవాడు గనుక మరల నవ్వకూడదనియు యెంచలేదు. ఇల్లు మనము మోయుచున్నామని తలచినంతకాలము ముఖము బిగిసియుండును; మోయువాడు వేరొకడున్నాడని, ఒక్క క్షణమైనను, గుర్తునకు వచ్చినప్పుడు ఆ బిగువు సడలును. పిల్లలకు ఆ సంగతి పుట్టుకతోనే తెలియును కాబోలు. పాలు చూచు పనియు ఆయనకే యప్పగించినది మా చిన్నది!

ఆ రాత్రి అందరును పాలు లేని మజ్జిగన్నముతో సరిపెట్టుకొని పండుకొనిరి. అడుగంటిన ఆ గిన్నెను తోమినవాడను నేనే. బూడిద వేసి, చింతపండు వేసి రుద్దినను, మాడు వదలుటకు అరగంట పట్టినది.