కాస్త అంచున ఉందట

పరగడుపు రక్తపరీక్షలో షుగరు 110 వచ్చిందనుకోండి. "జబ్బేం లేదు, కాస్త అంచున ఉందట" అనేసి ఆ కాగితం బీరువాలో పడేస్తాం. 100 నుంచి 125 దాకా ఉంటే మధుమేహానికి ముందు దశ అన్నమాట. ఇక్కడి నుంచి వెనక్కి రావడం చాలామందికి సాధ్యమే. 2006లో చెన్నై డాక్టర్ రామచంద్రన్ బృందం ప్రకటించిన అధ్యయనంలో, నడక, తిండి మార్పులతోనే మధుమేహం వచ్చే ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది. మందు బిళ్ల ఇచ్చినవారిలోనూ ఇంచుమించు అంతే!

మన కంచంలో అన్నం గుట్టగా ఉంటుంది, కూర మాత్రం నంజుకోవడానికి. ఈ లెక్కను తిరగేయాలి. జొన్నరొట్టె, రాగిసంకటి మంచివే. కానీ అవీ పిండిపదార్థాలే. చిరుధాన్యాలు కదా అని రెండింతలు లాగిస్తే లాభం సున్నా.

ఇప్పటికే మధుమేహం ఉన్నవారు, షుగరు అదుపులోకి వచ్చిందని మందులు సొంతంగా మానేయకండి. కళ్లు, మూత్రపిండాలు, పాదాలు ఏటా చూపించుకోవాలి. నొప్పి లేకుండానే దెబ్బతింటాయవి.

ముప్పై దాటినవారికి ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో షుగరు పరీక్ష ఉచితం. ఈ వారమే వెళ్లిరండి, ఇంట్లోవాళ్లనూ తీసుకెళ్లండి.